పుటల యంచులలో నొక గృహిణి పలుకులు

పుస్తకములలో గీతలు గీయరాదనియు, వ్రాతలు వ్రాయరాదనియు మన పిల్లలకు చిన్ననాటనే నేర్పుదుము. ఎరవు తెచ్చిన పుస్తకము విషయమున నిది మరింత ముఖ్యము. ఐనను సుమారు మూడువందల డెబ్బదియేండ్ల క్రిందట ఇంగ్లాండు దేశమున నొక గృహిణి యీ నియమమును పాటింపకపోవుటచేతనే, ఆమె యేయే పుస్తకములు చదివెనో, చదివి యేమనుకొనెనో నేడు మనకు దెలియుచున్నది. ఆమె వృత్తాంతము మన సోదరీమణులకు వినదగినదని తలంచి యిచ్చట వ్రాయుచున్నాము.

ఆమె పేరు ఫ్రాన్సెస్ వుల్ఫ్రెస్టన్. 1607వ సంవత్సరమున మిడిల్‌మోర్ అను వారి యింట జనించి, 1631లో స్టాఫర్డ్‌షైర్ మండలమున టామ్‌వర్త్ పట్టణమునకు జేరువనున్న స్టాట్‌ఫోల్డ్ గ్రామపు భూస్వామిని వివాహమాడెను. పలువురు బిడ్డలను గని పెంచెను. 1666లో భర్తను గోలుపోయెను. 1677లో తాను మరణించెను. ఆమె కాపురము చేయుచున్న కాలముననే ఆ దేశమున రాజునకును పార్లమెంటునకును ఘోరయుద్ధము జరిగి, 1649లో రాజు తల నరకబడెను. ఆ కోలాహలములో నీమెకు పాలు లేదు. ఆమె గ్రంథకర్త్రి కాదు. సభలలో నుపన్యసించినది కాదు. రాజాస్థానమున మెలగినదియు గాదు. ఆమె చేసిన పని యొక్కటే. పుస్తకములు సేకరించెను, చదివెను, చదివినదానిపై దన పేరు వ్రాసెను. కొన్నిటి యంచున రెండుమూడు మాటలు చేర్చెను.

ఆమె తన పేరు వ్రాయు తీరు చిత్రమైనది. గ్రంథము మొదలగు పుట పైభాగమున ‘ఫ్రాన్సెస్ వుల్ఫ్రెస్టన్, ఆమె పుస్తకము’ అని యర్థమిచ్చునట్లు వ్రాయుట ఆమె వాడుక. ఆంగ్లమున ‘హర్ బుక్’ అని యుండదగినచోట నామె ‘హోర్ బౌక్’ అని చదువుకొనదగిన యక్షరములు కూర్చెను. ఆకాలమున పండితులకే వర్ణక్రమమున నిలుకడ లేదు. ఈమె చెవికి వినబడినట్లు వ్రాసెను. దీనిని జూచి నవ్వుటకు ముందు మనము తెలిసికొనవలసిన సంగతి యొకటి గలదు. ఆ దేశమున నప్పుడు పిల్లలకు మొదట చదువుట మాత్రమే నేర్పి, వ్రాయుట తరువాత నెప్పుడో నేర్పెడివారు. ఆడుపిల్లకు చదువుట యబ్బిన పిదప చేతికి కలమునకు బదులు సూది వచ్చెడిది. అందుచే ధారాళముగ చదువగలిగియు దన పేరు వ్రాయనేరని స్త్రీలు పెక్కుమంది యుండిరి. పత్రములపై సంతకమునకు బదులు గుర్తు వేసిన వారినెల్ల లెక్కించి ‘వీరు నిరక్షరులు’ అని తీర్మానించుట సరికాదని చరిత్రకారులు చెప్పుట యిందుచేతనే. అట్టి కాలమున, తప్పో యొప్పో, తన చేతితో దన పేరు వందలకొలది పుస్తకములపై వ్రాసినది యీ యిల్లాలు.

ఇక ‘ఆమె పుస్తకము’ అను మాట. దీనికి మేము మొదట విశేషమైన విలువ నీయలేదు. చిన్నపిల్లలు సహితము తమ పలకలపై నిట్లే వ్రాసికొందురు గదా. కాని యాకాలపు ఆంగ్లేయుల ధర్మమును దెలిసికొన్న పిదప నీ రెండు మాటలు వేరుగ దోచినవి. పెండ్లి యైన తోడనే భార్య యొక్క చరాస్తి యంతయు భర్త సొత్తగుననియే వారి సామాన్య న్యాయము. ఆమె తెచ్చుకొన్న ధనము, పాత్రసామగ్రి, పుస్తకములు సమస్తమును నతనివే. ఒంటిమీది వస్త్రములు నగలు మాత్రము కొంతవరకు మినహాయింపు. సంపన్నులు ముందుచూపుతో ధర్మకర్తల పేర ఏర్పాట్లు చేయించుకొనుట గలదు గాని, అది యందరికి సాధ్యము గాదు. భర్త సమ్మతి లేక భార్య మరణశాసనము వ్రాయుటకును వీలు లేదు. ఈ స్థితి యించుక మారుటకు 1870 దాకను, పూర్తిగ మారుటకు 1882వ సంవత్సరపు చట్టము దాకను వేచియుండవలసి వచ్చెను. కాబట్టి భర్త జీవించియుండగా నొక స్త్రీ పుస్తకము దీసికొని, దాని మొదటి పుటపై ‘ఇది ఆమెది’ యని వ్రాసినచో, ఆ వ్రాత న్యాయస్థానమున నిలువదు. నిలువదని యెఱిగియో యెఱుగకయో యామె వ్రాయుచునే యుండెను.

మనకు స్త్రీధనమను మాట యనాదిగ నున్నది. యాజ్ఞవల్క్యుడు తల్లి, తండ్రి, భర్త, సోదరుడు ఇచ్చినదియు, పెండ్లియగ్ని యెదుట లభించినదియు స్త్రీధనమని లెక్కించెను. విజ్ఞానేశ్వరుడు మితాక్షరలో దానిని విస్తరించి, వారసత్వమువలన వచ్చినదియు, కొనినదియు గూడ నందు జేర్చెను. కేతన దానినే తెలుగు చేసి మన యిండ్లకు దెచ్చెను. ఐనను గ్రంథమునందలి ధర్మమునకును గడపలోపలి యాచారమునకును నెంత దూరముండెనో చెప్పనక్కరలేదు. కచ్చేరీలలో వారసత్వపు సొత్తునుగూర్చి విజ్ఞానేశ్వరుని మాటయును జెల్లకపోయెను. హిందూ స్త్రీకి దన యాస్తిపై సంపూర్ణాధికారము చట్టరూపమున వచ్చినది 1956లో గదా. కనుక నాంగ్లేయుల న్యాయమును జూచి మనము ముక్కున వ్రేలు వేసికొననక్కరలేదు.

ఫ్రాన్సెస్ పుస్తకములు నాలుగువందల వరకు నుండెనని యంచనా. అందు వైద్యగ్రంథములు, భక్తిగ్రంథములు నుండుట వింత కాదు. పల్లెటూరి యిల్లాలికి మందు మాకుల జ్ఞానము వంటజ్ఞానముతో సమానము. వింతయైనది తక్కిన సగము. నాటకములు, పద్యకావ్యములు, హాస్యకథలు, వీధులలో చిల్లరకు నమ్ము సన్నని పొత్తములు. షేక్స్‌పియరు మహాకవి రచనల చిన్నపొత్తములే పది యామెకడ నుండెను. వీనిని మర్యాదగల గ్రంథాలయములు లోనికి రానిచ్చెడివి కావు. ఆక్స్‌ఫర్డులో బాడ్లియన్ గ్రంథాలయమును స్థాపించిన సర్ థామస్ బాడ్లీ, 1612లో దన గ్రంథపాలకునికి జాబు వ్రాయుచు, నాటకములవంటి చెత్త పుస్తకములు తన గ్రంథాలయమున జేరిన నపకీర్తి వచ్చునని గట్టిగ జెప్పెను. అదే గ్రంథాలయమున నేడు గాజుపెట్టెలో నుంచదగిన నిధిగ భద్రపరచిన పొత్తము ‘వీనస్ అండ్ అడోనిస్’ అను కావ్యము. షేక్స్‌పియరు రచనలలో మొట్టమొదట నచ్చయినది యదియే. 1593వ సంవత్సరపు ఆ ప్రథమ ముద్రణమున లోకమున మిగిలిన ప్రతి యొక్కటియే. దానిపై నున్న పేరు ఫ్రాన్సెస్ వుల్ఫ్రెస్టన్. 1805లో మలోన్ అను పండితుడు దానిని మాంచెస్టరు పుస్తకవిక్రేత కడ నిరువదియైదు పౌనులకు గొనగా, ఆయన యనంతరము బాడ్లియనునకు జేరెను. పెద్దలు చెత్తయనినదానిని నొక యిల్లాలు చించక, పొయ్యిలో వేయక, పచ్చళ్ల జాడీకి మూతగా గట్టక దాచిన ఫలమిది.

ఆమె వ్రాసిన యభిప్రాయములు మిక్కిలి చిన్నవి. అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున 1655లో నచ్చయిన ‘ఒథెల్లో’ నాటకప్రతి యొకటి గలదు. దానిపై దన పేరుతోబాటు ‘దుఃఖకరమైనది’ అని యామె వ్రాసెను. ఆ కథ మనవారు పెక్కుమంది యెఱిగినదే. ఒథెల్లో యను సేనాని, దుర్మార్గుడైన యొక యనుచరుని చాడీలు విని, చేరుమాలు కనబడలేదను నెపమున, నిష్కళంకురాలగు భార్యను పడకపైననే చంపును. ఇంతటి నాటకమునకు విమర్శకులు వ్రాసిన గ్రంథములు బీరువాలు నిండును. ఈమె వ్రాసినది యొక్క మాట. ఆకాలమున విషాదాంత నాటకమును దెలుపుటకు గూడ నా మాట చెల్లును గనుక, పుస్తకము దొరకుటకు వీలుగ వేసికొన్న గుర్తు మాత్రమే యనువారును గలరు. అట్లే యగుగాక. డెస్డిమోనా చావును జదివి పుస్తకము మూసిన స్త్రీ చేతినుండి వెలువడినదను తలంపు మాత్రము మమ్ము విడువకున్నది.

మనము ముఖ్యముగ జెప్పదలచిన వ్రాత వేరొకటి. దాని విలువ తెలియుటకు గొంత పూర్వకథ కావలెను. 1615లో జోసెఫ్ స్వెట్నమ్ అను నతడు స్త్రీలను నిందించుచు నొక పొత్తము మారుపేరుతో బ్రకటించెను. స్త్రీలు సోమరులు, చపలలు, కలహప్రియలు, మగవాని సొమ్ము తినివేయువారు అని యందలి సారము. మన శతకములలోను చాటువులలోను నిట్టి సరకు లేకపోలేదు గనుక వివరింపము. అది యెంతగ నమ్ముడుపోయెననగా, ముప్పదియేండ్లలోపుగ బదిమారులకు దక్కువ గాకుండ నచ్చుపడెను. 1617లో దానికి స్త్రీల పేర మూడు ప్రత్యుత్తరములు వచ్చినవి. అందు రెండు మారుపేర్లతో వెలసినవి. స్వెట్నమ్ అను పేరిలో ‘స్వీట్’ అనగా తీపి ధ్వనించుటచేత, ఒకామె ‘సౌర్’ అనగా పులుపు ధ్వనించునట్లు సవర్నమ్ అని పేరు పెట్టుకొనెను. మూడవది మాత్రము రేచల్ స్పెట్ అను మతాచార్యుని కుమార్తె, యిరువదియేండ్ల ప్రాయమున, దన స్వంతపేరుతోనే వ్రాసెను. దేవుడు స్త్రీని పురుషుని పాదమునుండి గాని శిరస్సునుండి గాని చేయక ప్రక్కటెముకనుండి చేసెను గావున నామె యతనికి సహచరి యని బైబిలునే యాధారముగ జూపెను. అంతతో నాగక స్వెట్నమ్ వ్రాసిన వాక్యములలోని వ్యాకరణదోషములను, తర్కదోషములను నేరి యెత్తిచూపెను.

రేచల్ గ్రంథప్రతి యొకటి అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమున నున్నది. దాని యంచులనిండ నెవరో పురుషుడు చేతితో వ్రాసిన వెక్కిరింతలు గలవు. ఆమె యేమి చెప్పినను దానిని వక్రించి, కొన్నిచోట్ల మేమిచ్చట వ్రాయరాని మాటలతో నవమానించెను. ఆ వ్రాత స్వెట్నమ్‌దే కావచ్చునని కొందరు పండితుల యూహ. అచ్చువేయబోవు ఖండనమునకు సిద్ధము చేసికొన్న చిత్తుప్రతి యనియు భావింతురు. 1996లో రేచల్ రచనలను మరల బ్రకటించినప్పుడు బార్బరా లెవాల్‌స్కీ యను విదుషి యా వెక్కిరింతలను గూడ చేర్చి యచ్చు వేయించెను. మంచిపని చేసెనని మా తలంపు. నూరుమంది యెదుట ననజాలని మాటను మనుష్యుడు పుస్తకపు టంచున ననును; అది తెలియవలెను.

ఈ వివాదము చల్లారలేదు. 1650 ప్రాంతమున స్త్రీనిందకులకు బదులు చెప్పుచు మరియొక చిన్న పొత్తము వెలువడెను. కన్యలు, గృహిణులు, వితంతువులు చదువుకొనుటకును, చదువ రానివారు చదివించుకొని వినుటకును దగినదని దాని ముఖపత్రముననే చాటిరి. ఆ పొత్తము ఫ్రాన్సెస్ చేతికి వచ్చెను. అప్పటికామెకు నలువదియేండ్లు దాటినవి. దానిని జదివి, స్త్రీలను మెచ్చుకొనునది, మంచిది యని యామె వ్రాసెను.

ఇంతే. దీనినిబట్టి యామెను స్త్రీవాదిని యనవచ్చునా? అనువారు గలరు. ఇంత చిన్న వ్రాతకు నంత పెద్ద పేరు బరువనువారును గలరు. మా కొలతలు వేరు. ఆమె చేతనున్నది ఓపిక లేని కలము. చుట్టును బిడ్డలు, పనివారు, పొలమునుండి వచ్చిపోవువారు. అట్టి స్త్రీ యొక పొత్తమును మంచిదని వ్రాయుటకు నాగెననగా, అందలి విషయ మామెకు బట్టినది. అందును ‘మంచి పొత్తము’ అని మాత్రమే వ్రాసి యూరకుండవచ్చును. ఎందుచేత మంచిదో గూడ జెప్పెను, స్త్రీలను మెచ్చుకొనునది గనుక. రేచల్ వలె వాదము చేయుటకు నామెకు దీరిక లేదు, అచ్చు వేయించుటకు దారి లేదు. ఆమెకు దొరకిన తావు ముద్రాక్షరముల చుట్టును మిగిలిన రెండంగుళముల తెల్లకాగితము. మన యిండ్లలో రామాయణపు టట్టల లోపల చాకలిపద్దులు, పాలలెక్కలు, పిల్లల పుట్టినవేళలు వ్రాసియుంచిన ముత్తవ లెందరు లేరు? వారెవరైన నొక పద్యము ప్రక్కన ‘బాగున్నది’ యనియో ‘ఇది యన్యాయము’ అనియో వ్రాసిరేమో యని మన మెన్నడైన విప్పి చూచితిమా?

ఫ్రాన్సెస్ వలెగాక యంచులలో దీర్ఘముగ వాదించిన స్త్రీలును గలరు. స్త్రీలకు విద్యాలయము గావలెనని 1694లోను, వివాహమున స్త్రీ స్థితిని విమర్శించుచు 1700లోను గ్రంథములు వ్రాసిన మేరీ ఆస్టెల్ స్వంత పుస్తకములు నలువదియేడు కేంబ్రిడ్జిలోని మాగ్డలీన్ కళాశాలలో నున్నట్లు 2021లో వెల్లడియయ్యెను. అందు డెకార్టు తత్త్వవేత్త గ్రంథమున నామె ప్రకృతిశాస్త్రవిషయములపై గూడ దన చేతితో వ్రాసికొన్న వ్యాఖ్యలున్నవి. తండ్రి యాస్తి పినతండ్రికి బోగా, రాజు చెప్పిన తీర్పునకు సహితము తలయొగ్గక, 1605 మొదలు 1643 వరకు వేచి యాస్తి దక్కించుకొన్న ఆన్ క్లిఫర్డ్ దొరసాని, వృద్ధాప్యమున రాజుల పతనములను వర్ణించు నొక కావ్యమును జదివించుకొని వినుచు, దనకు దగిన చోట్ల గుర్తు వేయించెను. వీరు ప్రసిద్ధులు, వీరినిగూర్చి వ్రాయువారు గలరు. మా మనస్సు మాత్రము స్టాట్‌ఫోల్డ్ యిల్లాలి వైపే పోవుచున్నది.

వైధవ్యము వచ్చిన పిదప నామెకు మరణశాసనము వ్రాయు నధికారము గలిగెను. అందు దన పుస్తకములను మరువలేదు. వైద్యగ్రంథములు, భక్తిగ్రంథములు, తక్కినవన్నియు స్టాన్‌ఫర్డ్ అను కుమారునికి నిచ్చెను. కాని యూరక నిచ్చుటలేదు. అన్నదమ్ములలో గాని యక్కచెల్లెండ్రలో గాని యెవరైన నెప్పుడైన జదువగోరినచో నతడు వారికీయవలెను. చదివిన పిమ్మట వారు వానిని దిరిగి వాని వాని చోట్లనే పెట్టవలెను. అతడు వాని నన్నిటిని జెదరకుండ నొక్కచోట నుంచి కాపాడవలెను. పుస్తకము లెరవిచ్చి తిరిగి రాక బాధపడిన గృహిణి వ్రాసిన షరతులివి యని చదివిన తోడనే తెలియును! కొమార్తెలను గూడ బేర్కొనుట గమనింపుడు. భూమి యెవరికి బోయినను, పుస్తకమును జదువు హక్కు ఆడుబిడ్డకును నుండవలెనని యామె యేర్పాటు.

ఆ మాట నామె వంశీయులు చాలవరకు నూటయెనుబదియేండ్లు నిలిపిరి. ఒకటి రెండు ముందుగనే జారిపోయినను, పెక్కుపుస్తకములు స్టాట్‌ఫోల్డు నింటనే యుండెను. 1856వ సంవత్సరము మే నెలలో లండనులోని సోథ్‌బీ వారి వేలమున నవి పలువురి పాలయ్యెను. కొన్నవారు ధనికులు. వారికి గావలసినది అరుదైన ముద్రణము గాని, దానిపై నొక పల్లెటూరి యిల్లాలి గీతలు గాదు. పాతపుస్తకమును జేజిక్కించుకొన్న తోడనే దానిని విప్పించి, క్రొత్తతోలుతో కట్టించి, పుటల యంచులు సమముగ గోయించుట యాకాలపు మోజు. కోతలో నంచులనున్న వ్రాతలు సగమో పూర్తిగనో పోయెడివి. మరికొందరు కాగితములను నీటిలోను మందులలోను గడిగించి, పాత సిరామరకలను బోగొట్టించి, పుస్తకము తెల్లబడెనని సంతోషించిరి. ఆ కడుగుటలో నెందరు స్త్రీల పలుకులు కొట్టుకొనిపోయెనో లెక్కపెట్టువారు లేరు.

మిగిలినవి నేడు లండనులోని బ్రిటిషు గ్రంథాలయము మొదలు వాషింగ్టనులోని ఫోల్జరు, కాలిఫోర్నియాలోని హంటింగ్టను గ్రంథాలయముల వరకు జెల్లాచెదరై యున్నవి. 1964లో గెరిట్సెన్ అను డచ్చి పండితు డామెపై నొక వ్యాసము వ్రాసెను. 1989లో పాల్ మోర్గన్ అను నాంగ్లేయ గ్రంథపాలకుడు దొరకినంతవరకు పట్టిక వేసి ప్రకటించెను. ఆ పైన నమెరికాలోను నితరత్రను గ్రంథాలయములలో బనిచేయు స్త్రీలు పూనుకొని వెదుకగా, గుర్తింపబడినవి రెండువందలు దాటినవి. ఒకరు వ్రాసిన జాబు చూచి మరియొకరు తమ బీరువాలు విప్పుదురు. మొదటి పుట పైభాగమున వెలిసిన సిరాతో నొక పేరును, దాని ప్రక్కన మరి రెండు మాటలును గనబడును. ఆ పేరుగల స్త్రీలు వుల్ఫ్రెస్టన్ వంశమున మరియొకరిద్దరు లేకపోలేదు. ‘హోర్ బౌక్’ అని యున్నచో మాత్రము సందేహము లేదు, పుస్తకము ఆమెదే.